గుట్ట చెమర్చే నీళ్ళు

మంథని అనగానే ఎవరికైనా గోదావరి గుర్తుకు వస్తుంది, వేదఘోష గుర్తుకు వస్తుంది. పూర్వపు మంత్రకూటమే వాడుకలో మంథని అయినదని పెద్దలు చెబుతారు. రాజకీయాలలో అభిరుచి ఉన్నవారికి, 1957 నుంచి 1977 వరకు శ్రీ పి.వి. నరసింహారావుగారిని శాసనసభకు పంపిన నియోజకవర్గంగా గుర్తుకు వస్తుంది. మంథని అంటే జలపాతం గుర్తుకు వచ్చేవారు మాత్రం అరుదు. అంత పెద్ద నది ఊరి ప్రక్కనే పారుతూ ఉంటే, గుట్టలమీదినుంచి దూకే పిడికెడు నీటికోసం ఎవరు తిరుగుతారు? నేను తిరిగాను. తెలుగు పాఠాలు చెప్పుకునే ఉద్యోగం నాది. సెలవు దొరికితే భుజాన కెమెరా. ఈ రెండూ కలిసి పెద్దపల్లికీ మంథనికీ నడుమనున్న గుట్టలు చాలావరకు నాచేత ఎక్కించినవి.

ఈ గుట్టలలో అందరికీ తెలిసిన జలపాతం సబితం దగ్గరి గౌరీగుండాలు. వానాకాలంలో నాలుగు రోజులు ముసురు పట్టిందంటే చాలు, నీళ్ళు బండలమీదుగా ధారకట్టి దూకుతాయి. చెరువు నిండి అలుగు పారితే మా ప్రాంతంలో "మత్తడి దుంకుతున్నది" అంటారు. గౌరీగుండాలను చూచినప్పుడల్లా నాకు గుట్టే నిండి మత్తడి దుంకుతున్నట్లు తోస్తుంది. ఆదివారాలలో జనం గుంపులు గుంపులుగా దిగుతారు. అందరి చేతులలోనూ సెల్లుఫోన్లే. నేనూ అక్కడ చాలా ఫోటోలు తీశాను. ఇంటికి వచ్చి వరుసగా పేర్చి చూచుకుంటే ఒక సంగతి తెలిసివచ్చినది: అవన్నీ వాన ఫోటోలు. మబ్బు ఇచ్చినదానిని గుట్ట క్రిందికి వదులుతున్నది, అంతే. వానలు వెనుకబట్టిన కొన్నాళ్ళకు ధార సన్నగిల్లుతుంది. చివరికి బండ మిగులుతుంది.

ఆదిలాబాదు వైపు కుంటాల సంగతీ కొంతవరకు ఇంతే. కడెం నది అక్కడ సుమారు 45 మీటర్ల లోతుకు దూకుతుంది. శ్రావణ భాద్రపదాలలో ఆ హోరుకు ప్రక్క మనిషి మాట వినబడదు. మహాశివరాత్రి నాటికి ఉధృతి తగ్గుతుంది కనుక భక్తులు అక్కడి సోమేశ్వరస్వామిని చేరి మ్రొక్కుకుంటారు. నది బలిసినప్పుడు జలపాతానికి యాత్ర, చిక్కినప్పుడు దేవుడికి యాత్ర!

మరి వానలు వెళ్ళిన అయిదు నెలలకు, ఫాల్గుణంలో, ఆకులు రాలి మోదుగులు ఎర్రగా పూచిన వేళ కూడా ఆగకుండా దూకే నీరు ఈ గుట్టలలో ఉన్నదా? ఉంటే అది మబ్బు ఇచ్చినది కాదు, గుట్ట తన కడుపులో దాచుకుని ఇచ్చేది. దాని ఫోటో తీయాలని నాకు పట్టుదల కలిగినది.

తెలుగు మాస్టరుకు ఏ పని తలపెట్టినా ముందు మాటలే అడ్డం వస్తాయి. నేలలోంచి వచ్చే నీటికి మనవాళ్ళు ఎన్ని పేర్లు పెట్టుకున్నారో చూడండి. బావి అడుగున చేరేది ఊట. ఏటి ఇసుకలో చేతితో తోడుకునేది చెలమ. పొలంలో అడుగునుంచి తడి ఊరి కాలు దిగబడుతూ ఉంటే "జాలు పట్టింది" అంటారు మా రైతులు. ఆ జాలునే కవులు జాలువారించి కావ్యాలలోకి తీసుకుపోయారు. ఇక నేలను చీల్చుకుని ఉబికేది బుగ్గ. చెక్కిలికీ అదే పేరు, నీటికీ అదే పేరు. రెండింటికీ ఉబుకే గుణం ఉన్నది గదా! తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరుడున్నాడు. మాకు దగ్గరగా, గోదావరికి ఆవల, బెల్లంపల్లి ప్రక్క కన్నాల అడవిలో బుగ్గ రాజరాజేశ్వరుడున్నాడు. బెల్లంపల్లి బొగ్గుకు పేరుపడిన ఊరు. ఊళ్ళో బొగ్గు, అడవిలో బుగ్గ. రెండు మాటలకూ అచ్చులలోనే తేడా. రెండూ భూమి కడుపులోనివే.

కనబడని నీటిమీద మన జనానికి ఉన్న నమ్మకం కూడా చిన్నది కాదు. మంథని నుంచి అడవిదారిన పోతే కాళేశ్వరం వస్తుంది. గోదావరి, ప్రాణహిత అక్కడ కలుస్తాయి. మూడవదిగా సరస్వతి అంతర్వాహినిగా వచ్చి చేరుతుందని విశ్వాసం. 2025 మే నెలలో ఆ కంటికి కనబడని నదికి పుష్కరాలు జరిగితే జనం లక్షల సంఖ్యలో వచ్చి మునిగారు. గుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, కాళేశ్వరుడూ ముక్తేశ్వరుడూ. ముక్తేశ్వర లింగానికి ఉన్న రంధ్రాలలో పోసిన అభిషేక జలం లోలోపలి దారినే పోయి సంగమంలో కలుస్తుందని చెబుతారు. నేల అడుగున నీటికి దారులు ఉంటాయన్న మాట మనకు ఏ భూగర్భశాస్త్రమూ కొత్తగా నేర్పనక్కరలేదన్నమాట.

అయినా శాస్త్రం చెప్పేది కూడా చక్కగానే ఉంటుంది. మా ప్రాంతంలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడుతుంది. అందులో చాలాభాగం జూన్, సెప్టెంబరు నెలల మధ్యనే. గోదావరి లోయలో ఇసుకరాయి గుట్టలు చాలా ఉన్నవి. ఇసుకరాయి చూడటానికి గట్టిదే గాని, దాని రేణువుల మధ్య సందులుంటాయి, పొరల మధ్య పగుళ్ళుంటాయి. వాన ఆ సందులలోకి మెల్లగా ఇంకుతుంది. క్రింద నీటిని పోనివ్వని మట్టిపొర తగిలితే ఇక దిగలేదు, అడ్డంగా నడుస్తుంది. గుట్ట ప్రక్కగా ఆ పొర ఎక్కడ బయటపడుతుందో అక్కడ నీరూ బయటపడుతుంది. ఒక్కొక్కచోట ఈ ప్రయాణానికి నెలలు పడుతుంది, ఒక్కొక్కచోట ఏండ్లు. ఎండాకాలంలో కొత్తకుండ చెమర్చడం అందరమూ చూచినదే. గుట్ట కూడా అలాగే చెమరుస్తుంది. ఆ చెమట ఒకచోట కూడి, బండ అంచు దొరికి దూకితే అదే ఊట జలపాతం.

ప్రపంచంలో ఇలాంటివి పెద్దపెద్దవి ఉన్నవి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రపు ఉత్తరభాగాన బర్నీ అనే జలపాతం 129 అడుగుల ఎత్తునుంచి పడుతుంది. పైనుంచి దూకే వాగు ఒక్కటే కాదు, కొండ ముఖంలోని లావారాతి పొరల మధ్యనుంచి కూడా వందల ధారలు బయటికి వస్తాయి. రోజుకు సుమారు 38 కోట్ల లీటర్ల నీరు, ఎండాకాలంలో కూడా! జపానులో ఫుజి పర్వతం దగ్గర షిరాయితో అని ఒక జలపాతం ఉన్నది. ఆ పేరుకు తెల్లదారాలని అర్థం. పర్వతంమీద ఇంకిన మంచూ వానా రాతిపొరల నడుమనుంచి దారాలుగా వ్రేలాడుతాయి. మన మహానందిలో నీరు దూకదు గాని, కోనేటి అడుగున వేసిన నాణెం కనబడేంత తేటగా ఏడాది పొడుగునా ఊరి, గుడి దాటి పొలాలకు పారుతుంది. వీటి ముందు మా గుట్టల ఊట ఏ పాటిది? పోల్చి చూడవద్దని ముందే మనవి చేస్తున్నాను.

రామగిరి ఖిల్లాను గురించి, అక్కడి వనమూలికలను గురించి చాలామంది వ్రాశారు. శ్రావణంలో జనం బారులు తీరి ఎక్కుతారు. నేను ఎక్కినది ఖిల్లాకు కాదు. ఆ చుట్టుప్రక్కలనే, ఏ పుస్తకంలోనూ పేరు లేని ఒక గుట్ట. దారి చూపినవాడు గొర్రెల కాపరి. డెబ్బయి దాటిన మనిషి. భుజాన గొంగడి, చెవికి బీడీముక్క.

"కాకా, ఎండాకాలంల గూడ నీళ్ళు దుంకే తావు ఏమన్న ఉన్నదా?" అని అడిగాను.

అతను నా సంచీ వంక చూచాడు. "నీళ్ళకా సారూ, ఫోటువకా?"

"ఫోటోకే."

"ఫోటువకైతే ఆడ ఏం లేదు. తాగెటందుకైతే ఉన్నది."

తునికిచెట్ల నడుమనుంచి గంటసేపు నడిచాము. కాలిక్రింద ఎండుటాకు అప్పడంలా నలుగుతున్నది. గుట్ట మలుపు తిరిగేసరికి రెండు నిలువుల ఎత్తున బండగోడ. దానికి నడుమన, గీతగీసినట్లు అడ్డంగా ఒక చీలిక. చీలికకు పైన రాయి ఎండి తెల్లబడి ఉన్నది. క్రింద రాయి తడిసి నల్లబడి ఉన్నది. ఆ గీత వెంబడే పచ్చని నాచు, దువ్వెనపండ్లలాంటి ఆకులతో చిన్నచిన్న మొక్కలు. తడి అంతా మెల్లగా ఒక ముక్కులాంటి బండకొనకు చేరి, అక్కడినుంచి దారంలా జారుతున్నది. క్రింద రాయి తన అంతట తానే అరిగి దోసెడంత గిన్నె అయినది. ఆ గిన్నెలో నీటి చప్పుడు తప్ప గుట్టంతా నిశ్శబ్దం.

జలపాతమని నేను పేరు పెట్టుకున్నది దీనికే.

ఫోటోలు తీసే పాఠకులకోసం కొంచెం వివరంగా చెబుతాను. పెద్ద జలపాతానికి కెమెరా స్టాండు వేసి, షట్టరు ఒక సెకను తెరచి ఉంచితే నీరు పాలనురుగులా వస్తుంది. క్యాలెండర్లలో కనబడేది ఆ పద్ధతే. దారమంత నీటికి అది పనికిరాదు. అంతసేపు తెరిస్తే ధార తెల్లరాతిలో కలిసిపోతుంది. దీనికి తద్విరుద్ధంగా చేయాలి. సెకనులో 500వ వంతు చాలు. అప్పుడు దారం తెగి ముత్యాలపేరు అవుతుంది. మనం ధార అనుకునేది నిజానికి వేరు వేరు బొట్ల వరుస అని అప్పుడు తెలుస్తుంది. వెనుక నీడపట్టున ఉన్న నల్లని రాయి, ప్రక్కనుంచి ఎండ — ఈ రెండూ ఒక్కసారి కుదరాలి. ఆ బండగోడకు అలా కుదిరేది ఉదయం ఓ పావుగంట మాత్రమే. మిగిలిన రోజంతా అక్కడ నీరు ఉంటుంది గాని కనబడదు.

నేను ఆ పావుగంటకోసం కూర్చుంటే కాక తన ముంతను ధారక్రింద పెట్టి బీడీ వెలిగించాడు. బీడీ అయిపోయినది. ముంత సగమే అయినది. అతను రెండవ బీడీ తీశాడు.

"మా నాయన ఉన్నప్పుడు సారూ, ఒక్క బీడీ తాగేలోపట ముంత నిండేది. గిప్పుడు రెండు గావాలె."

నీటిని కొలిచే సాధనాలు చాలా ఉంటాయి. రెండు తరాల లెక్కను రెండు బీడీలలో చెప్పినవాణ్ణి నేను మరొకణ్ణి చూడలేదు. అంతవరకు నేను బండనూ నీటినీ మాత్రమే అద్దంలో ఇముడ్చుకుంటున్నాను. అప్పుడు కెమెరాను రెండు అడుగులు వెనక్కు జరిపాను. ముంతా, ముంత ప్రక్కన కూర్చున్న మనిషీ, చేతిలో బీడీ — అన్నీ వచ్చేటట్లు తీశాను. ముంత నిండిన సమయం గడియారంలో చూచి వ్రాసుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు అతను ఆగి అన్నాడు: "సారూ, పేపర్ల గీ తావు పేరు రాయకు."

"ఎందుకు కాకా?"

"రాస్తివనుకో, ఆదివారం ఆదివారం అస్తరు. తాగి సీసలు పలగ్గొడ్తరు. గొర్లు కాళ్ళు కోసుకుంటయి. గొర్లే గాదు, రాత్రి అడివి జీవాలు గూడ గీడికే అస్తయి. గీ ఎండలకు వాటికి ఇంకెక్కడున్నయి నీళ్ళు?"

ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే ప్రాంతం మాది. అతని మాటకు నా దగ్గర జవాబు లేదు. రాయనని మాట ఇచ్చాను.

కాని ఈ సంగతి విని భూగోళశాస్త్రం చెప్పే నా మిత్రుడు ఒప్పుకోలేదు. "పేరు లేని చోటు లెక్కలోకి రాదు. లెక్కలో లేనిది ఎండిపోయినా ఎవరికీ తెలియదు. నువ్వు ఊటను కాపాడుతున్నావా, దాని చావును దాస్తున్నావా?" అన్నాడు. అతని మాటలోనూ నిజమున్నది. మన దేశంలో సుమారు 50 లక్షల ఊటలున్నాయనీ, వాటిలో 30 లక్షలు హిమాలయ ప్రాంతంలోనివేననీ 2018లో నీతి ఆయోగ్ నివేదిక ఒకటి చెప్పినది. ఎన్నో ఊటలు ఎండుతున్నాయని కూడా చెప్పినది. హిమాలయాలలో ఊట ఎండితే ఊరు ఎండుతుంది కాబట్టి అక్కడివారు గొంతెత్తి అడుగుతారు. మా గుట్టమీద ఊట ఎండితే అడిగేది ఎవరు? గొర్రెలా, కొండగొర్రెలా?

ఎందుకు తగ్గుతున్నదన్న ప్రశ్నకు కారణాలు ఒకటి కావు. గుట్టమీద చెట్టు పలుచబడితే వాన ఇంకకుండానే జారిపోతుంది. గుట్టక్రింద పొలాలలో బోర్లు లోతుకు దిగేకొద్దీ నీరు అటు తిరుగుతుంది. మా ప్రాంతంలో ఇసుకరాయి పొరల నడుమనే బొగ్గు కూడా ఉన్నది. బొగ్గు తీయాలంటే ముందు అక్కడి నీళ్ళను మోటార్లతో తోడిపోయవలసినదే. అలాగని బొగ్గును తిట్టడానికి నాకు నోరు రాదు. 1983లో రామగుండంలో పెద్ద విద్యుత్ కేంద్రం పని మొదలుపెట్టినది ఆ బొగ్గుతోనే. నేను ఈ నాలుగు మాటలు వ్రాసుకుంటున్న దీపమూ ఆ వెలుగే కావచ్చు. ఈ గుట్టలో నీరు ఎందువల్ల తగ్గినదో తేల్చడానికి నా దగ్గర ఉన్నవి ఒక ముంత, కొన్ని ఫోటోలు మాత్రమే.

అయితే ఆ మాత్రం కూడా లేకపోవడంకంటే ఉండటం మేలని నిశ్చయించుకున్నాను. కాకకు ఇచ్చిన మాటా, మిత్రుడి వాదమూ రెండూ నిలిచే దారి ఒకటి తోచినది. ప్రతి సంవత్సరం ఫాల్గుణ పౌర్ణమికి దగ్గరి సెలవు దినాన అదే రాతిమీద స్టాండు నిలిపి, అదే ముంత పెట్టి, అదే ఫోటో తీస్తున్నాను. ఫోటో వెనుక తేదీ, ముంత నిండిన సమయం, తావు గుర్తులు వ్రాసి రెండు ప్రతులు చేయిస్తున్నాను. ఒకటి నా దగ్గర. ఒకటి కాక మనుమడి దగ్గర. ఆ పిల్లవాడు ఇంటరు చదువుతున్నాడు. రేపు ఊటలను లెక్కపెట్టడానికి ఎవరైనా అధికారి నిజంగా గుట్ట ఎక్కితే వాడే వెంట తీసుకుపోతాడు. ఆదివారంవారికి పేరు అందదు. అడిగే హక్కున్నవారికి సాక్ష్యం అందుతుంది.

మొదటి ఫోటో పెద్దదిగా అచ్చువేయించి తీసుకుపోయి ఇచ్చినప్పుడు కాక దానిని చాలాసేపు చూచాడు. తన ముఖం చూచుకోలేదు. ధారమీద వేలు పెట్టి, "నీళ్ళు కనవడుతున్నయి సారూ. సప్పుడేది?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు ఏ కెమెరా కంపెనీవారూ జవాబు చెప్పలేరు. తరువాతి ఏడు నుంచి మనుమడు ఫోనులో ఆ చప్పుడు కూడా పట్టి ఉంచుతున్నాడు. ముంతలో నీరు పెరిగేకొద్దీ చప్పుడు మారుతుంది. కళ్ళు మూసుకుని విన్నా ఎంత నిండినదో చెప్పవచ్చును.

పాఠకులకు ఒక మనవి. మీ ఊరి పొలిమేరలో బుగ్గ అనో, జాలు అనో, కోన అనో పేరున్న తావు ఒకటి ఉండే ఉంటుంది. పేరు మాత్రం మిగిలి నీరు పోయినదేమో కూడా. ఆశ్వయుజంలో అందరూ ఫోటో తీస్తారు. మీరు ఫాల్గుణంలో వెళ్ళండి. పుష్యమాసపు తెల్లవారుజామున వెళ్ళినా మంచిదే. గుట్ట లోపలి నీటికి ఏడాదంతా ఇంచుమించు ఒకే వెచ్చదనం కనుక, ఆ చలిలో ఊటమీద సన్నని ఆవిరి లేస్తుంది. కెమెరాకు అంతకంటే పండుగ లేదు. నాచుమీద కాలు పెట్టవద్దు. మీరు జారిపడతారని మాత్రమే కాదు, ఆ నాచు మళ్ళీ పట్టడానికి ఏండ్లు పడుతుంది. నీటిదారికి రాయి అడ్డం పెట్టి ధారను అందంగా మళ్ళించవద్దు. వెళ్ళేటప్పుడు కెమెరాతోపాటు ఒక చెంబు కూడా తీసుకువెళ్ళండి. ఆ ఊటనీళ్ళు ఏండ్ల తరబడి తాగిన మనిషి ఎవరైనా దొరికితే, ఫోటోలో ఆయనకు కూడా చోటివ్వండి.